అట్టతో కట్టిన పల్లెసీమ

ఇంగ్లండు దేశమున ఆక్సుఫర్డుషైరు మండలములో, డిడ్‌కాట్ పట్టణమునకు చేరువగా, లాంగ్ విటెన్‌హాం అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామమునందు పెండన్ మ్యూజియము అను ప్రదర్శనశాల యున్నది. లోనికి పోయి చూచువారికి అచట విశాలమైన యొక లోయ కానవచ్చును. గడ్డికప్పుల యిండ్లు, ఇండ్లముంగిట పూలమడులు, పొలముల చుట్టు పచ్చని కంచెలు, సుద్దనేలమీద తెల్లగా సాగు బండిబాటలు, వీనినడుమ రైలుదారి. ఆ దారివెంట ఇంజను పెట్టెలను లాగుకొని మెల్లగా పోవుచుండును. కాని ఆ లోయలో నిలువెత్తు మనుష్యుడు ఒక అంగుళమునకైన రాడు. ఇండ్లగోడలు అట్టముక్కలు. కప్పులు గొట్టముల పనివారు కీళ్ళకు చుట్టు నార.

ఇది రైలుబొమ్మల యాటయే కదా యని యెవరైన ననవచ్చును. మొదట ఆటయే. జర్మనీ దేశమున మార్క్‌లిన్ అను సంస్థవారు 1891వ సంవత్సరమున లైప్‌జిగ్ నగరపు సంతలో, ఒక క్రమమైన కొలతతో చేసిన పట్టాలను, వానిపై నడచు రేకుబండ్లను ప్రదర్శించిరి. నాటినుండి ఐరోపా అమెరికాలలోని సంపన్నుల యిండ్లలో ఈ రైళ్ళు తివాచీలమీద, కుర్చీకోళ్ళ నడుమ తిరుగజొచ్చెను. ఇంజను మిగుల ముద్దుగా నుండెడిది. కాని అది యే యూరినుండి యే యూరికి పోవుచున్నదో దానికే తెలియదు. చుట్టును కొండ లేదు, చెట్టు లేదు, వాన కురిసిన గుర్తు లేదు.

ఆ లోపమును గుర్తించినవారిలో లండను నివాసి జాన్ ఆహెర్న్ అనునాతడు ముఖ్యుడు. ఇతడు 1930వ దశకమున ఆరంభించి, మాడర్ లోయ అను ఊహాప్రదేశమును సృష్టించి, దానియందు రైలునడిపెను. అచట రైలు ఎంతయో, ఊరును అంతయే. వీధి మలుపు, రేవు, పాతమర, చర్చి, అన్నియు నొకే చేతిపని. చిన్నపాటి భూదృశ్యమును ఎట్లు కట్టవలెనో తెలుపుచు అతడు వ్రాసిన గ్రంథము 1951లో వెలువడినది. ఆహెర్న్ 1961లో మరణించెను. అతని మాడర్ లోయ నేడు పెండన్ మ్యూజియమునందే భద్రముగ నున్నది.

పెండన్‌లోని పెద్దలోయను తలపెట్టినవాడు వేఱొకడు. అతని పేరు రాయ్ ఇంగ్లండ్. దేశము పేరే యింటిపేరైనను అతడు ఆ దేశమున పుట్టినవాడు కాడు, ఆస్ట్రేలియా వాసి. 1925వ సంవత్సరమున, ఇరువదియేండ్లు నిండని ప్రాయమున, అతడు ఇంగ్లండునకు వచ్చెను. గ్రేట్ వెస్టరన్ రైల్వే యన్న అతనికి ప్రాణము. ఆ రైల్వేవారి గొప్ప కర్మాగారము స్విండన్ పట్టణమున నుండెను. ఆ పరిసరములలోనే అతడు నివాసమేర్పరచుకొనెను.

స్విండనునకు తూర్పున వైట్ హార్స్ లోయ కలదు. అఫింగ్టన్ కొండవాలున పచ్చిక తొలగించి సుద్ద నింపి తీర్చిన తెల్లగుఱ్ఱమునుబట్టి ఆ లోయకు ఆ పేరు వచ్చినది. ఆ గుఱ్ఱము పొడవు సుమారు 110 మీటరులు. వయస్సు మూడువేల సంవత్సరములని పురాతత్త్వవేత్తలు నిర్ణయించిరి. రాయ్ ఇంగ్లండ్ రైళ్ళను చూడవచ్చి ఆ లోయలోని పల్లెలను చూచెను. చూచి వానిని మఱువలేకపోయెను. తరతరములుగా నిలిచిన గడ్డికప్పుల యిండ్లవి. ఒక గోడ యిటుక, ఒక గోడ సుద్దరాయి, ఒకచోట దూలములనడుమ మెత్తిన మట్టి. ఏ రెండిండ్లును ఒక్కతీరున నుండవు.

అవి అతని కన్నులయెదుటనే మాఱిపోవుచుండెను. గడ్డిని దింపి రేకులు, పెంకులు వేయుచుండిరి. పాతకిటికీలు పెఱికి క్రొత్తవి పెట్టుచుండిరి. ఇంటివారిని తప్పుపట్టవీలులేదు. కారుచున్న కప్పుక్రింద కాపురముండువారు వారు. చూచి ఆనందించి పోవువారు కారు. ఆ సంగతి రాయ్ ఇంగ్లండ్ ఎఱుగకపోలేదు. ఒక బీదయువకుడు లోయలోని యిండ్లనన్నిటిని కొని కాపాడజాలడు. కాని కొలువగలడు. ఛాయాచిత్రములు తీయగలడు. కొలిచిన యింటిని బల్లమీద చిన్నదిగా కట్టగలడు. 1930వ దశకపు తొలినాళ్ళలో అతడు ఆ పనికి పూనుకొనెను. 1954లో లాంగ్ విటెన్‌హాంలో ఒక పాతభవనము అతనికి లభింపగా అందు మ్యూజియము మొదలైనది.

ఇక, ఆ లోయను దేనితో కట్టవలెను? ఇచటనే అసలు చిక్కున్నది.

తెలుగునాట బొమ్మలకొలువు తీర్చు బాలికలు తడిమట్టిలో ఆవాలు చల్లి మొలకెత్తించి, అదియే పంటపొలమని చూపుదురు. కొలువునకు అది చక్కని యుపాయము. పెండన్‌లోని లోయకు మాత్రము అది పనికిరాదు. ఆ లోయలో నాలుగు మిల్లీమీటరులు ఒక అడుగునకు సమానము. అనగా అచటి ప్రతివస్తువును నిజమైనదానిలో 76వ వంతు. ఆరడుగుల మనుష్యుడు 24 మిల్లీమీటరుల యెత్తున నుండును. రెండంగుళముల ఆవమొలక ఆ మనుష్యుని ప్రక్కన నిలిచినచో పండ్రెండడుగులకు మించిన మహావృక్షమగును. పైగా నాలుగుదినములలో వాడిపోవును.

మొలకయే కాదు, ఆవగింజ సంగతియు నంతే. రెండు మిల్లీమీటరుల గింజ ఆ లోయలో ఆరంగుళముల బండరాయి. ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు మూడంగుళముల గులకరాయి. ఇసుకను తెచ్చి బాటమీద చల్లినచో అది యిసుకబాట కాదు, రాళ్ళగుట్ట యగును. కావున బాటకు వలసినది ఇసుక కాదు, దుమ్ము. వస్తువును చూచినప్పుడు అది నిజముగా నేమియని కాక, 76 రెట్లు పెరిగినచో నేమగునని యోచింపవలెను. ఈ లెక్క మనస్సున నాటినవానికి లోకమంతయు అంగడియే. నలిగిన తేయాకు రాలినయాకు. గుడ్డుపెంకు పగిలిన చలువరాతిపలక. లెక్క తెలియనివాడు ఎంత వెచ్చించి కొన్నను అతని బండిబాట రాళ్ళగుట్టయే.

ఇందు ప్రకృతి ఒకచోట సహాయము చేయును, ఒకచోట మోసగించును. రాయి సహాయము చేయును. గుప్పెడంత రాతిముక్కకును, నిలువెత్తు కొండచఱియకును పగుళ్ళతీరు ఒక్కటియే. భూగర్భశాస్త్రజ్ఞులు రాళ్ళను ఛాయాచిత్రము తీయునపుడు ప్రక్కన సుత్తినో నాణెమునో యుంచుట ఇందువలననే. లేనిచో అది బండయో పర్వతమో చెప్పుట కష్టము. కావున సరియైన రాతిముక్కను ఏరి తెచ్చి దానిమీద రబ్బరుపాలు పూసి అచ్చుతీసి, ఆ యచ్చులో ప్లాస్టరు పోసినచో ఎన్ని చఱియలైన సిద్ధమగును. నిజమైన రాతినే పెట్టవచ్చును గాని బల్ల బరువెక్కును.

కఱ్ఱ అట్లు కాదు. అగ్గిపుల్లను నిలిపి తంతిస్తంభ మనుకొందమన్న వీలుకాదు. దాని యీనెలు దానికంటె మోటు; 76 రెట్లు పెరిగినచో అట్టి యీనెలుగల మ్రాను ఏ యడవిలోను ఉండదు. గుడ్డలును ఇట్లే మోసగించును. ఎంత సన్నని వస్త్రమైనను ఆ కొలతలో తాళ్ళవల. అందువలననే పెండన్‌వారు ఇండ్లకు కఱ్ఱను, సున్నమును కాక మామూలు అట్టను ఎన్నుకొనిరి. అట్టకు కఱ్ఱవంటి మోటు ఈనె లేదు. కత్తితో కోసినచోట వాడిగా తెగును, గీసినచోట గీత నిలుచును, నీటిరంగును చక్కగా పీల్చును.

ఇంగ్లండులో ఇటుక పొడవు తొమ్మిదంగుళములు. ఆ లోయలో మూడు మిల్లీమీటరులు. వరుస యెత్తు సున్నముతో కలిపి మూడంగుళములు; ఆ లోయలో ఒక మిల్లీమీటరు. ఆ కొలతకు అట్టమీద ఒక్కొక్క యిటుకను గీసి, ఒక్కొక్కదానికి వేఱువేఱు ఛాయలలో రంగు వేయుదురు. ఆవములో ఎక్కువ కాలినది నల్లన, తక్కువ కాలినది లేతయెఱుపు. ఒక గోడకు ఇట్టివి వేలకొలది. అచ్చువేసిన ఇటుకల కాగితము అంగడిలో దొరకునుగదా, ఏల యీ శ్రమ యని తోచవచ్చును. అచ్చుకాగితములోని గోడ ఏ యూరిదియు కాదు. రాయ్ ఇంగ్లండ్ కోరినది ఒకానొక యూరిలోని ఒకానొక గోడ. ఒక్క యింటికి వందలకొలది గంటలు పట్టుట అచట సామాన్యము. ఆ పని చేయువారు జీతగాండ్రు కారు; సెలవుదినములలో వచ్చి కూర్చుండు స్వచ్ఛందసేవకులు.

కప్పునకు నార. నీటిగొట్టముల కీళ్ళనుండి నీరు కారకుండ మరలకు చుట్టెడు సన్నని నార ఇది. దీనిని కత్తిరించి కుచ్చులుగా కట్టి, చూరునుండి శిఖరము వఱకు వరుసపై వరుసగా అతుకుదురు. నిజమైన గడ్డికప్పు నేయువాడు చేయునదియు నదియే. క్రొత్తగా నేసినకప్పు పసుపుపచ్చగా, ఏండ్లు గడచినది బూడిదరంగున, ఉత్తరపుదిక్కున నాచుపట్టి నుండవలెను. కప్పును చూచి అది ఎప్పుడు నేసినదో చెప్పగలుగవలెను. అంతటి పట్టుదల అవసరమా యనునది వేఱుప్రశ్న. అవసరము లేదని తలచినవారు ఆ పనిలో ఎక్కువకాలము నిలువలేరు.

నేలను కట్టుట సులభము. కఱ్ఱచట్రముమీద తీగవల పఱచి, దానిని కొండలుగను పల్లములుగను వంచి, ప్లాస్టరులో తడిపిన కాగితములతో కప్పినచో గట్టి పెంకువంటి నేల యేర్పడును. అమెరికాలో ఈ పద్ధతిని లిన్ వెస్ట్‌కాట్ అను పత్రికాసంపాదకుడు ఎల్లరకు నేర్పెను. అంతకుముందు నేలకొఱకు పాతగుడ్డలు, బెండు, చెక్కలు, దొరికినవెల్ల కూరుచుండిరి.

గడ్డిసంగతి మాత్రము కొంత విపులముగ చెప్పవలసి యున్నది. తొలుత వాడినది ఱంపపుపొట్టు. దానిని జల్లించి ఆకుపచ్చరంగులో నానబెట్టి ఆరబెట్టి, జిగురుపూసిన నేలపై చల్లెడివారు. అగ్గువ, సులభము, కాని అది పచ్చిక కాదు, పచ్చనిపొడి. గడ్డి నిలువుగ నుండునుగదా! దానిని నిలిపినది విద్యుత్తు. ఎండుతలను దువ్విన దువ్వెన కాగితపు తునుకలను పైకి లేపుట పిల్లలందఱును ఎఱిగినదే. అదే సూత్రమున, మిల్లీమీటరుల పొడవుగల నైలానుపోగులకు అధికవోల్టేజిగల పరికరముతో విద్యుదావేశము కల్గించి, జిగురుపూసిన నేలమీద వదలుదురు. పోగులు విద్యుద్బలము లాగినవైపు నిటారుగ నిలిచి జిగురులో నాటుకొనును. జిగురారిన పిమ్మట అది పచ్చికబయలే. వస్త్రపరిశ్రమలో మొకమలువంటి గుడ్డలను చేయుటకు ఈ యుపాయము ముందే వాడుకలో నుండెను. రైలుబొమ్మలవారు దానిని తమ పొలములకు మళ్ళించుకొనిరి.

పొదలకు నార్వే మొదలగు శీతలదేశములలో పెరుగు ఒకవిధమైన శిలావల్కము శ్రేష్ఠము. రేండీరులు మేయునది ఇదియే. దీని కొమ్మలు వ్రేలికొనలంత మాత్రమే యైనను చెట్టుకొమ్మలవలెనే చీలి చీలి విరియును. ఎండినచో పొడియగును, కావున గ్లిసరినును నీటిలో కలిపి అందు నానబెట్టుదురు. గ్లిసరిను దానిలోని తడిని పోనీయదు. చెట్టుకైన సన్నని తీగలను కలిపి మెలివేసి, మ్రానుదగ్గర అన్నియు కలిసి, పైకిపోవుకొలది విడివిడిగా చీలునట్లు వంచవలెను. పాతకుర్చీల పరుపులలో కూరెడు గుఱ్ఱపువెండ్రుకలను పీకి రెమ్మలుగా అతికి, పైన రంగుపొడి చల్లుట మఱియొక పద్ధతి. అఱువదియడుగుల చెట్టు ఆ లోయలో 24 సెంటీమీటరులు. క్రొత్తవారు దాని సగము మాత్రమే చేసి చాలుననుకొందురు. కొలతప్రకారము చేసిన చెట్టు బల్లమీద మఱీ పెద్దదిగ తోచును. తెలియక చేయు పొరపాటు కాదిది, కన్ను చేయు మోసము.

నీరు ఎంత చేసినను చిన్నది కానొల్లదు. ఇతరవస్తువుల నన్నిటిని 76వ వంతు చేయవచ్చును గాని నీటిబిందువు తన పరిమాణమును వదలదు. దాని యుపరితలపు బిగువు దానిని గుండ్రముగా పట్టియుంచును. చిన్నకాలువలో నిజమైన నీరు పోసినచో గట్టులవద్ద ఉబ్బి నిలిచి, ఏదో గిన్నెలోని నీరువలె కనబడును. కావున అడుగున ముదురురంగు వేసి, దానిమీద వార్నీషును పూతపై పూతగా వేయుదురు. తరువాతికాలమున గాజువలె గట్టిపడు రెసిను వచ్చినది.

ఇదే బిగువు రైలుదారి వేయునపుడు మఱియొక చిక్కు తెచ్చును. పట్టాలనడుమ సన్నని రాతిపొడి పఱచి, పలుచని జిగురునీరు వదలినచో, నీరు పొడిలో నింకక ముత్యములవలె దొర్లి పొడినంతటిని చెదరగొట్టును. జిగురునీటిలో ఒకచుక్క సబ్బునీరు కలిపినచో ఆ బిగువు తగ్గి నీరు నెమ్మదిగా నింకును. ఇంత సులభమైన చిట్కా తెలియక దారి యంతయు మరల మరల ఊడ్చుకొన్నవారు కలరు.

నదియొడ్డున నేరితెచ్చిన ఇసుకను, మట్టిని వాడువారు రెండు జాగ్రత్తలు తీసికొనవలెను. మట్టిని పొయ్యిమీద బాగుగ వేడిచేయవలెను; లేనిచో అందలి పురుగులు, గ్రుడ్లు, విత్తనములు కొన్నాళ్ళకు తమ పని తాము చేయును. పిమ్మట ఒక అయస్కాంతమును దానిమీద త్రిప్పి చూడవలెను. కొన్ని యిసుకలలో ఇనుపరజను నల్లగా కలిసియుండును. బొమ్మయింజనులోని మోటారునందు అయస్కాంతము కలదు. రజను పోయి దానికి అంటుకొని మోటారు చెడిపోవును. అందమైన నల్లయిసుకతో దారివేసి ఇంజనులను పోగొట్టుకొనుట కంటె ఒకమాఱు అయస్కాంతము త్రిప్పుట మేలు.

అమెరికాలో ఈ విద్య వేఱొకదారిన ఎదిగినది. కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణమున జాన్ ఆలెన్ అను ఛాయాచిత్రకారుడుండెను. ఇతడు 1913లో జన్మించెను. తన యింటి నేలమాళిగలో, నేలనుండి పైకప్పువఱకు పర్వతములను, లోయలను కట్టి వానిలో రైళ్ళను నడపెను. ఆ రైల్వేకు అతడు పెట్టిన పేరు గోర్ అండ్ డాఫెటిడ్. ఇంగ్లీషులో ఆ మాటను పైకి చదివినచో 'నెత్తురోడి ఓడిపోయినది' అను నర్థము ధ్వనించును. అద్దములను నేర్పుగా నిలిపి గదిని రెట్టింపు విశాలముగ చూపెడివాడు. అందఱును ఇంజనులు తళతళలాడవలెనని కోరు దినములలో అతడు వానికి మసి, త్రుప్పు, దుమ్ము పూసెను. అతడు తీసిన ఛాయాచిత్రములు పత్రికలలో చూచి వేలమంది ఈ విద్య నభ్యసించిరి. రాయ్ ఇంగ్లండ్ ఉన్నదానిని ఉన్నట్లు నిలుపజూచెను; ఆలెన్ ఎచటను లేనిదానిని ఉన్నట్లు చూపెను.

1973 జనవరిలో జాన్ ఆలెన్ హఠాత్తుగా మరణించెను. రైల్వే అప్పటికి పూర్తి కావచ్చినది. సుమారు పదిదినములు గడచిన పిమ్మట ఆ యింట అగ్ని రగిలి, రైల్వే దాదాపు పూర్తిగా నాశనమైనది. దాదాపు ఇరువదియేండ్ల చేతిపని పోగా మిగిలినది ఆతడు తీసిన ఛాయాచిత్రములు. ప్లాస్టరు, అట్ట, ఎండుమొక్కలు, జిగురు, వార్నీషు. వీనిలో చాలవఱకు నిప్పునకు ఇష్టమైనవే.

పెండన్ లోయ నిలిచినది. రాయ్ ఇంగ్లండ్ 1995వ సంవత్సరమున మరణించునాటికి అది పూర్తికాలేదు. అతని వెనుక సేవకులు పనిని కొనసాగించిరి. అతడు నిలుపదలచిన కాలము 1930 ప్రాంతము. గ్రేట్ వెస్టరన్ రైల్వే 1948 జనవరి 1వ తేదీన జాతీయసంస్థలో కలిసి అంతరించెను; దాని రైళ్ళు ఆ లోయలో ఇంకను నడచుచున్నవి. అచట అట్టతో కట్టిన యిండ్లలో కొన్నింటి మూలములు రూపుమాఱినవి, కొన్ని లేకయే పోయినవి.

ఇండ్లు మాఱునని అతడు ముందే యెఱుగును. చెట్లసంగతి వేఱు. ఆ నాళ్ళలో ఆ లోయకు అందము తెచ్చినవి కంచెలవెంట బారులుతీరిన ఎల్మ్ వృక్షములు. నూఱడుగులు దాటి పెరిగి, మబ్బులవలె పొరలుపొరలుగా ఆకులు క్రమ్మిన చెట్లవి. 1960వ దశకపు చివర, బెరడును తొలుచు ఒక చిన్నపురుగు మోసికొనివచ్చిన శిలీంధ్రముచే వానికి తెగులు సోకెను. కొన్నియేండ్లలో బ్రిటనులో రెండున్నరకోట్లకు పైగా ఎల్మ్‌లు నశించెను. వేళ్ళనుండి మరల మొలకలు వచ్చుచునే యున్నవి; కాని కొంత మ్రానుకట్టగానే పురుగు వానిని వెదకికొని వచ్చును. అందుచేత నేడు వైట్ హార్స్ లోయకు పోయిన బాలుడు నిండుగ పెరిగిన ఎల్మ్‌ల బారును అచట చూడజాలడు. పెండన్‌లో, మెలివేసిన తీగలమీద రంగుపొడి చల్లిన ఎల్మ్‌లు, కొలతప్రకారము జేనెడు పైయెత్తున, గడ్డికప్పుల ప్రక్కన నిలిచియున్నవి.